లాంగ్ రేంజ్ బెంచ్‌రెస్ట్ రైఫిల్‌కి ఏ కాట్రిడ్జ్? బుల్లెట్ నుంచి రీమర్ దాకా ఒక మార్గదర్శి

బెంచ్‌రెస్ట్ (రైఫిల్‌ను బల్ల మీద సంచులకు ఆనించి కాల్చే పోటీ) కోసం కస్టమ్ రైఫిల్ చేయించుకుందామని అనుకున్న రోజు నుంచే కాట్రిడ్జ్ (పూర్తి తూటా) పేర్లు చెవిలో పడుతుంటాయి. ఒకరు 6 డాషర్ అంటారు. ఇంకొకరు .284 లేకపోతే గాలికి నిలవలేవంటారు. మరొకరు .300 మాగ్నమ్ తప్ప మిగతావన్నీ పిల్లలాటలంటారు. ముగ్గురూ అబద్ధం చెప్పడం లేదు. ముగ్గురూ వేరువేరు దూరాల గురించి, వేరువేరు రేంజ్‌ల గురించి మాట్లాడుతున్నారు, అంతే.

చిక్కంతా ఎక్కడొస్తుందంటే, చాలామంది కేస్ (పౌడర్ పట్టే ఇత్తడి గొట్టం) పేరుతో మొదలుపెట్టి దానికి సరిపోయే బుల్లెట్ కోసం, బ్రాస్ (ఖాళీ ఇత్తడి కేస్‌లు) కోసం, చివరికి దానికి సరిపోయే మ్యాచ్ కోసం వెతుక్కుంటారు. క్రమం దీనికి పూర్తిగా తిరగబడి ఉండాలి. ముందు ఆట, తర్వాత బుల్లెట్, ఆ తర్వాతే దాన్ని తోసే కేస్. ఇక్కడ చెప్పేదంతా ఆ క్రమంలోనే సాగుతుంది. రీలోడింగ్ (తూటాలను మనమే నింపుకోవడం) గురించి కనీస పరిచయం ఉన్నవాళ్ల కోసం రాసింది ఇది. ఫ్యాక్టరీ తూటాలతో బెంచ్‌రెస్ట్ ఆడాలనుకునేవాళ్లు ముందు రీలోడింగ్ నేర్చుకుని రావడం మంచిది.

1. ముందు ఏ ఆటో తేల్చుకోండి

"లాంగ్ రేంజ్" అంటే బెంచ్‌రెస్ట్‌లో ప్రధానంగా రెండు దూరాలు: 600 గజాలు, 1000 గజాలు. మీటర్లలో అయితే సుమారు 549, 914. ఈ రెండింటి మధ్య తేడా కాగితం మీద కనిపించేంత చిన్నది కాదు. 600 గజాల దగ్గర 6 మిల్లీమీటర్ల చిన్న కేస్‌కి దాదాపు పోటీయే లేదు. 1000 గజాలకు వెళ్లేసరికి గాలి పెత్తనం మొదలవుతుంది, వాదన కూడా అక్కడే మొదలవుతుంది.

అమెరికాలో ఈ పోటీలను నడిపే ఇంటర్నేషనల్ బెంచ్‌రెస్ట్ షూటర్స్ నియమాల్లో లైట్ గన్ బరువు 17 పౌండ్లు, అంటే సుమారు 7.7 కిలోలు దాటకూడదు. హెవీ గన్‌కి ఆ హద్దు లేదు, 50 పౌండ్లు దాటిన రైఫిళ్లు కూడా కనిపిస్తాయి. 1000 గజాల్లో లైట్ గన్‌కి ఐదు షాట్ల గ్రూప్, హెవీ గన్‌కి పది షాట్లు. ఆ బరువు తేడా ఒక్కటే మీ కాట్రిడ్జ్‌ని మార్చేస్తుంది. 17 పౌండ్ల రైఫిల్‌లో అదుపు తప్పే రికాయిల్ (రైఫిల్ వెనక్కి తన్నడం) 50 పౌండ్ల రైఫిల్‌లో అసలు సమస్యే కాదు.

అదే రైఫిల్‌తో ఎఫ్-క్లాస్ (నేల మీద పడుకుని, రైఫిల్‌ను ఆనించి కాల్చే పోటీ) కూడా ఆడాలనుకుంటే ఆ నియమాలు కూడా ముందే చూసుకోండి. ఎఫ్-టీఆర్ విభాగంలో .223 రెమింగ్టన్, .308 విన్‌చెస్టర్ రెండే చెల్లుతాయి, బరువు బైపాడ్‌తో కలిపి 8.25 కిలోలు. ఎఫ్-ఓపెన్‌లో కాట్రిడ్జ్ ఎంపికకు చాలా స్వేచ్ఛ ఉంది, బరువు 10 కిలోల దాకా వెళ్లొచ్చు. రెండు పడవల మీద కాలు పెట్టే రైఫిల్ చేయించుకోవచ్చు గానీ, ఏ ఆట ముఖ్యమో మీలో మీరు ఒప్పుకోవాలి.

గ్రూప్ గెలవాలా, స్కోర్ గెలవాలా అన్నది కూడా ఇప్పుడే ఆలోచించండి. గ్రూప్ అయితే ఐదు రంధ్రాలు దగ్గరగా ఉంటే చాలు, అవి టార్గెట్ మీద ఎక్కడున్నా పర్వాలేదు. స్కోర్‌కి అవి మధ్యలోనే ఉండాలి, అంటే గాలిని సరిగ్గా చదవాలి, లేదా గాలిని తక్కువ పట్టించుకునే బుల్లెట్ వాడాలి. మీ దేశంలో, మీ రేంజ్‌లో ఏ క్యాలిబర్‌కి అనుమతి ఉందో లైసెన్స్ నియమాలు చూసుకోవడం కూడా ఈ దశలోనే జరగాలి. రీమర్ (బ్యారెల్‌లో తూటా కూర్చునే చాంబర్‌ను కోసే పనిముట్టు) ఆర్డర్ చేశాక తెలిస్తే లాభం లేదు.

2. గాలిని అంకెల్లో చూడండి

కాట్రిడ్జ్ చర్చ ఏదైనా చివరికి గాలి దగ్గరే ఆగుతుంది కాబట్టి ఆ లెక్కను మన చేతులతోనే వేసుకుందాం. పక్కగాలి ఎంత తోస్తుందన్నది బుల్లెట్ ఎంతసేపు ఎగిరిందన్న దాన్నిబట్టి మాత్రమే ఉండదు. గాలి నిరోధమే లేకపోతే ఆ దూరానికి ఎంత సమయం పట్టేదో, నిజంగా ఎంత పట్టిందో, ఆ రెండింటి తేడాని గాలివేగంతో గుణిస్తే వచ్చేదే డ్రిఫ్ట్. అందుకే వేగంగా బయల్దేరి త్వరగా అలసిపోయే బుల్లెట్ కన్నా, కాస్త నెమ్మదిగా బయల్దేరి వేగం నిలుపుకునే బుల్లెట్ మేలు.

సముద్రమట్టానికి దగ్గరి వాతావరణంలో, గంటకు 10 మైళ్ల పక్కగాలిలో, 1000 గజాల దగ్గర డ్రిఫ్ట్ ఉజ్జాయింపుగా ఇలా ఉంటుంది. సెకనుకు 2950 అడుగుల వేగంతో వెళ్లే 6 ఎంఎం 105 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే పౌండ్‌లో 7000వ వంతు) హైబ్రిడ్ బుల్లెట్ 73 నుంచి 75 అంగుళాలు జరుగుతుంది. 2820 అడుగుల వేగంతో వెళ్లే 7 ఎంఎం (.284 అంగుళాల) 180 గ్రెయిన్ల బుల్లెట్ 60 అంగుళాల దగ్గర ఉంటుంది. 2900 అడుగుల వేగంతో వెళ్లే .30 క్యాలిబర్ 215 గ్రెయిన్ల బుల్లెట్ ఇంకొంచెం తగ్గి 57 దగ్గర తేలుతుంది.

ఇప్పుడు దీన్ని షూటర్ కళ్లతో చూడండి. గాలి గంటకు ఒక్క మైలు మారింది, మీరు గమనించలేదు. 6 ఎంఎంతో ఏడు అంగుళాల పైచిలుకు తప్పు, 7 ఎంఎంతో ఆరు. తేడా అంగుళం, అంగుళంన్నర. ఇది చిన్నది కాదు, కానీ చాలామంది ఊహించుకున్నంత పెద్దదీ కాదు. 7 నుంచి .30కి వెళితే దక్కేది అంగుళంలో మూడో వంతుకు కాస్త అటూఇటూ. ఆ కాస్త కోసం ఎంత రికాయిల్ మోయాలో తర్వాత చూద్దాం.

మీ రేంజ్ చెట్ల మధ్య ఉండి, పొద్దున పూట గాలి నిలకడగా ఉంటుందంటే చిన్న కాట్రిడ్జ్‌కి ఓటు వేయండి. బయలు ప్రదేశం, గాలి నిమిషానికోసారి దిక్కు మార్చే చోటు అయితే 7 ఎంఎం వైపు తూకం మొగ్గుతుంది. ఈ విషయంలో మీ రేంజ్‌లో ఏళ్లతరబడి కాలుస్తున్నవాళ్ల మాట, ఎక్కడో గెలిచినవాళ్ల పరికరాల జాబితా కన్నా ఎక్కువ విలువైనది.

3. బుల్లెట్‌ను ఎంచుకోండి, కేస్‌ను కాదు

టార్గెట్‌కి చేరేది బుల్లెట్ ఒక్కటే. మిగతా యంత్రాంగమంతా దాన్ని ప్రతిసారీ ఒకేలా పంపడానికి ఉన్నది. కాబట్టి ముందు "ఈ బుల్లెట్ కాలుస్తాను" అని తేల్చుకోండి.

బుల్లెట్ ఆకారం గాలిని ఎంత బాగా చీలుస్తుందో చెప్పే అంకె బాలిస్టిక్ కోఎఫిషియెంట్ (బీసీ). పొడవాటి బోట్ టెయిల్ (తోక వైపు సన్నబడే) బుల్లెట్లకు జీ7 లెక్కే (అలాంటి నమూనా బుల్లెట్‌తో పోల్చి వేసేది) వాడండి. జీ1 అంకెలు పెద్దవిగా కనిపించి మురిపిస్తాయి గానీ, వేగం తగ్గేకొద్దీ దారి తప్పిస్తాయి. మామూలుగా మ్యాచ్‌లలో వాడే బర్గర్ హైబ్రిడ్‌లనే తీసుకుంటే 6 ఎంఎం 105 గ్రెయిన్లకు జీ7 సుమారు 0.27, 6.5 ఎంఎం 140కి 0.31, 7 ఎంఎం 180కి 0.34, .30 క్యాలిబర్ 215కి 0.35 దగ్గర ఉంటాయి. చూశారా, 6 నుంచి 7కి పెద్ద గెంతు, 7 నుంచి .30కి దాదాపు ఏమీ లేదు. క్యాలిబర్ పెరిగితే బీసీ దానంతటదే పెరుగుతుందన్న నమ్మకం ఇక్కడ వీగిపోతుంది.

బీసీ కన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఒక బాక్స్‌లోని బుల్లెట్లన్నిటికీ బీసీ ఒకేలా ఉందా? ఒక బుల్లెట్‌కీ ఇంకోదానికీ రెండు శాతం తేడా ఉంటే 1000 గజాల దగ్గర పైకీ కిందకీ అంగుళాల్లో కనిపిస్తుంది. బేస్ నుంచి ఓజైవ్ (ముక్కు వంపు) వరకు పొడవు, బేరింగ్ సర్ఫేస్ (బ్యారెల్‌ను తాకే భాగం), బరువు కొలిచి వేరుచేసుకునే ఓపిక ఉన్నా, మొదటి నుంచీ ఒకేలా తయారైన బుల్లెట్ దొరికితే ఆ పని సగం తగ్గుతుంది. అందుకే 6 ఎంఎంకి మొగ్గు. బర్గర్ 105, 109, సియెర్రా 107, 110, హోర్నడీ 108, వీటికి తోడు చేత్తో తయారుచేసే చిన్న తయారీదారుల బుల్లెట్లు. ఎంపిక ఇంత విస్తారంగా ఉన్న క్యాలిబర్ బెంచ్‌రెస్ట్‌లో ఇంకోటి లేదు. 7 ఎంఎంలో బర్గర్ 180, 184, సియెర్రా 183, హోర్నడీ 180 మంచి గుంపు. 6.5 ఎంఎంలో మంచి బుల్లెట్లు కొల్లలు, కానీ లాంగ్ రేంజ్ బెంచ్‌రెస్ట్ బల్లల మీద అది ఇటూ కాక అటూ కాక మధ్యలో ఉండిపోయింది. 6 అంత మెత్తగానూ ఉండదు, 7 అంత గాలినీ తట్టుకోదు.

ఇంకో పరీక్ష: బుల్లెట్ 1000 గజాలకు చేరేసరికి ఎంత వేగంతో ఉంది? సెకనుకు 1340 అడుగుల దగ్గర, అంటే మాక్ 1.2 దగ్గర, బుల్లెట్ ట్రాన్సానిక్ (ధ్వని వేగానికి దగ్గరపడే) దశలోకి అడుగుపెడుతుంది, అక్కడ కొన్ని బుల్లెట్లు తడబడతాయి. 6 బీఆర్‌లో (డాషర్‌కి మూలమైన 6 ఎంఎం చిన్న కేస్) 105 గ్రెయిన్ల బుల్లెట్ 2800 పైన బయల్దేరితే ఆ హద్దుకు పైనే ఉండి చేరుతుంది. సరిపోతుంది.

4. రికాయిల్ ఎంత మోయగలరు?

ఇక్కడే చాలామంది తమను తాము మోసం చేసుకుంటారు. "నాకు రికాయిల్ అలవాటే" అంటారు. భుజానికి అలవాటే కావచ్చు. కానీ బల్ల మీది రైఫిల్‌కి ఆ అలవాటు ఉండదు. బుల్లెట్ బ్యారెల్‌లో ఉండగానే రైఫిల్ వెనక్కి కదలడం మొదలవుతుంది. ఆ కదలిక ప్రతిసారీ ఒకేలా ఉండాలి. సంచిలో ఇసుక గట్టిదనం, భుజం తాకిడి, బల్ల అదురు, అన్నీ అందులో కలుస్తాయి. రికాయిల్ పెరిగేకొద్దీ ఈ చిన్న చిన్న తేడాలన్నీ పెద్దవవుతాయి.

లెక్క తేలికే. బుల్లెట్ బరువును వేగంతో గుణించి, పౌడర్ బరువును వేగానికి 1.75 రెట్లతో గుణించి కలపండి. ఆ మొత్తాన్ని 7000తో భాగిస్తే మొమెంటం వస్తుంది. దాన్ని రైఫిల్ బరువుతో భాగిస్తే రైఫిల్ వెనక్కి వచ్చే వేగం తెలుస్తుంది. 17 పౌండ్ల రైఫిల్‌కి ఈ లెక్కన 6 డాషర్ దాదాపు 4 ఫుట్-పౌండ్ల రికాయిల్ శక్తి ఇస్తుంది. .284 విన్‌చెస్టర్‌లో 180 గ్రెయిన్ల బుల్లెట్ 11 దగ్గర. .300 డబ్ల్యూఎస్ఎంలో (విన్‌చెస్టర్ షార్ట్ మాగ్నమ్) 215 గ్రెయిన్లది 17 దగ్గర. అంటే గాలిలో దాదాపు పావువంతు లాభం కోసం నాలుగు రెట్లు రికాయిల్.

బెంచ్‌రెస్ట్‌లో ఇంకో కోణం కూడా ఉంది. గ్రూప్ ఆడేవాళ్లు గాలి ఒక స్థితిలో నిలిచిందనిపించగానే ఐదు షాట్లూ గబగబా కాల్చేస్తారు, చాలాసార్లు అర నిమిషంలోపే. రైఫిల్ సంచుల మీద నుంచి నేరుగా వెనక్కి జారి, నేరుగా ముందుకు వచ్చి, క్రాస్‌హెయిర్ దాదాపు అదే చోట నిలిస్తేనే ఇది సాధ్యం. చిన్న 6 ఎంఎం ఇది తేలిగ్గా చేస్తుంది. .300తో ప్రతి షాట్‌కీ రైఫిల్‌ను మళ్లీ సర్దుకోవాలి, ఈలోగా గాలి మారిపోతుంది. కాగితం మీద గాలిని బాగా తట్టుకునే కాట్రిడ్జ్ బల్ల మీద ఆ గాలికే దొరికిపోవడానికి ఇదే కారణం.

1960ల చివర్లో పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్ దగ్గర 1000 గజాల బెంచ్‌రెస్ట్ పోటీలు మొదలైనప్పుడు, ఆ తర్వాత చాలా ఏళ్లు, పెద్ద .30 మాగ్నమ్‌లదే రాజ్యం. బుల్లెట్లు, బ్యారెళ్లు మెరుగయ్యాక 6 ఎంఎం చిన్న కేస్‌లు లైట్ గన్‌లో వాటిని పక్కకు నెట్టాయి. హెవీ గన్‌లో మాత్రం .300 కాట్రిడ్జ్‌లు ఇంకా గౌరవంగానే ఉన్నాయి.

5. కేస్ ఎంత పెద్దది కావాలి?

ఇప్పుడు కేస్ దగ్గరికి వచ్చాం. కావాల్సింది: మీరు ఎంచుకున్న బుల్లెట్‌ను సరైన వేగంతో, కేస్ దాదాపు నిండేంత పౌడర్‌తో, మితమైన ఒత్తిడితో తోసే కేస్. దానికన్నా పెద్దది వృథా, ఎందుకంటే దాని ఖర్చు బ్యారెల్ కడుతుంది.

బ్యారెల్ అరుగుదలను ముందే అంచనా వేయడానికి ఒక మొరటు సూత్రం ఉంది. కేస్‌లో పట్టే నీటి బరువును గ్రెయిన్లలో తీసుకుని, బుల్లెట్ వ్యాసంతో లెక్కించిన రంధ్రం వైశాల్యంతో (చదరపు అంగుళాల్లో) భాగించండి. .308 విన్‌చెస్టర్‌కి ఇది 750 దగ్గర, 6 బీఆర్‌కి 830, 6 డాషర్‌కి 880, .284కి 1040, .300 డబ్ల్యూఎస్ఎంకి 1070, 6 ఎంఎం క్రీడ్‌మూర్‌కి 1130, 6.5-284కి 1220 దాకా వస్తుంది. అంకె పెరిగేకొద్దీ త్రోట్ (బ్యారెల్‌లో చాంబర్‌కి సరిగ్గా ముందుండే భాగం) త్వరగా కాలిపోతుంది.

అనుభవం కూడా ఇదే చెబుతుంది. .308 బ్యారెళ్లు నాలుగు వేల రౌండ్లు దాటినా పనికొస్తాయి. 6 బీఆర్ రెండున్నర వేలు, డాషర్ సుమారు రెండు వేలు. 6 క్రీడ్‌మూర్, .243 లాంటివి పన్నెండు వందల నుంచి పదిహేను వందలు. 6.5-284 అయితే వెయ్యి దగ్గరే మ్యాచ్ పదును పోగొట్టుకుంటుంది. .284 పదిహేను వందల నుంచి రెండు వేలు. ఇవి స్థూలమైన అంకెలే. వరసగా ఎంత వేగంగా కాలుస్తారు, బ్యారెల్‌ను ఎంత వేడెక్కనిస్తారు అన్నదానిబట్టి మారతాయి. బ్యారెల్ "పోయింది" అని ఎవరు అంటున్నారన్నది కూడా చూడాలి. బెంచ్‌రెస్ట్ షూటర్ పారేసిన బ్యారెల్ ఇంకొకరికి ఏళ్లపాటు బంగారం.

ఏటా ప్రాక్టీస్, లోడ్ డెవలప్‌మెంట్, మ్యాచ్‌లు అన్నీ కలిపి ఎన్ని రౌండ్లు కాలుస్తారో వేసుకుని పై అంకెలతో భాగించండి. ఏడాదికి ఒక బ్యారెల్ మార్చే స్తోమత, గన్‌స్మిత్ దగ్గర నెలల తరబడి ఎదురుచూసే ఓపిక ఉన్నాయా? లేకపోతే 6.5-284 గురించి మర్చిపోండి. అది ఒకప్పుడు 1000 గజాల రారాజు. .284 వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది.

పౌడర్ ఖర్చు కూడా ఇక్కడే తెలుస్తుంది. ఒక పౌండ్ అంటే 7000 గ్రెయిన్లు. షాట్‌కి 33 గ్రెయిన్లు పట్టే డాషర్‌కి ఒక పౌండ్‌తో 210కి పైగా రౌండ్లు వస్తాయి, 54 పట్టే .284కి 130 లోపే, 64 పట్టే .300కి 110 లోపే. (ఇవి ఖర్చు లెక్క కోసం చెప్పిన అంకెలు, లోడ్ డేటా కాదు. లోడ్‌కి ఎప్పుడూ పౌడర్ తయారీదారు మాన్యువల్‌తో, కింది నుంచే మొదలుపెట్టాలి.)

వేగం గురించి ఒక మాట. ఒకే లోడ్‌లో షాట్‌కీ షాట్‌కీ వేగం 10 అడుగులు తేడా వస్తే 1000 గజాల దగ్గర నిలువుగా రెండు అంగుళాల పైనే తేడా కనిపిస్తుంది. కాబట్టి 50 అడుగుల అదనపు వేగం కోసం ఒత్తిడి పెంచి, ఆ వెంపర్లాటలో వేగం నిలకడను పాడుచేసుకుంటే గాలిలో దక్కింది నిలువులో పోయినట్టే. చిన్న, కాస్త లావాటి కేస్‌లు ఈ నిలకడను తేలిగ్గా ఇస్తాయన్నది బల్లల మీద పదేపదే కనిపించిన సంగతి.

6. బ్రాస్, ప్రైమర్

మంచి బ్రాస్ దొరకని కాట్రిడ్జ్‌ను ఎంత మెచ్చుకున్నా ప్రయోజనం లేదు. నెక్ (బుల్లెట్‌ను పట్టే కేస్ మెడ) మందం ఒకేలా ఉండాలి, ప్రైమర్ (పౌడర్‌కి నిప్పంటించే చిన్న కప్పు) కూర్చునే పాకెట్ పదే పదే నింపినా వదులు కాకూడదు, బరువులో తేడా తక్కువుండాలి. 6 బీఆర్ కుటుంబం ఇంత బలంగా నిలబడడానికి సగం కారణం లాపువా కంపెనీ తయారుచేసే 6 బీఆర్ నార్మా బ్రాసే.

6 బీఆర్, 6.5×47 లాపువాలకు చిన్న రైఫిల్ ప్రైమర్. పాకెట్ చుట్టూ ఎక్కువ లోహం ఉంటుంది కాబట్టి బ్రాస్ ఎక్కువ కాలం మన్నుతుంది. సీసీఐ 450, సీసీఐ బీఆర్4, ఫెడరల్ 205ఎం లాంటివి ఇందులో నడుస్తాయి. .284, .300 డబ్ల్యూఎస్ఎంలకు పెద్ద రైఫిల్ ప్రైమర్. వాటిలో నిదానంగా మండే పౌడర్ ఎక్కువ కాబట్టి ఆ పెద్ద మంట అవసరమే.

పౌడర్ విషయంలో ఒకే ప్రశ్న: మీకు నిలకడగా దొరికేది ఏది? 6 బీఆర్ కుటుంబానికి వార్గెట్, హెచ్4895, రీలోడర్ 15, విహ్తవూరి ఎన్140 లాంటివి, .284కి హెచ్4350, హెచ్4831ఎస్‌సీ లాంటివి పేరున్నవి. ఎంచుకున్న కాట్రిడ్జ్ ఒకే ఒక్క పౌడర్‌తోనే బాగా కాలుస్తుందని తెలిస్తే, ఆ డబ్బా మార్కెట్లో మాయమైనప్పుడు టెన్షన్ మీదే.

7. వైల్డ్‌క్యాట్ కావాలా, వద్దా?

వైల్డ్‌క్యాట్ అంటే ఉన్న కేస్‌ను మార్చి చేసుకున్నది. 6 డాషర్ అలాంటిదే. డాన్ డౌలింగ్, ఆల్ ఆష్టన్ ఇద్దరూ కలిసి 6 బీఆర్ భుజాన్ని (నెక్ కిందుండే వాలును) ముందుకు జరిపి, 40 డిగ్రీల కోణం ఇచ్చారు. నీటి లెక్కలో రెండు మూడు గ్రెయిన్లు ఎక్కువ పడుతుంది, 105 గ్రెయిన్ల బుల్లెట్‌ను 2950 పైకి హాయిగా తీసుకెళ్తుంది. 6 బీఆర్‌ఏ కూడా 40 డిగ్రీలదే, కానీ భుజం ముందుకు జరగదు. అందుకే మామూలు 6 బీఆర్ బ్రాస్‌ను నేరుగా చాంబర్‌లో పెట్టి కాలిస్తే తీరుగా రూపుదిద్దుకుంటుంది. ఆ ఫైర్‌ఫార్మింగ్ షాట్లతోనే మ్యాచ్ ఆడేవాళ్లున్నారు.

డాషర్‌కి అంత సులువు కాదు. భుజం ముందుకు జరగాలి కాబట్టి తప్పుడు భుజం పెట్టడమో, బుల్లెట్‌ను రైఫ్లింగ్‌లోకి (బ్యారెల్ లోపలి మెలి గాడుల్లోకి) గట్టిగా దూర్చడమో, నీటి ఒత్తిడితో రూపు తెప్పించడమో చేయాలి. ఆల్ఫా లాంటి తయారీదారులు నేరుగా డాషర్ బ్రాస్ అమ్మడం మొదలుపెట్టాక ఈ తలనొప్పి తగ్గింది. మొదటి కస్టమ్ రైఫిల్‌కి నా సలహా అడిగితే, 6 బీఆర్ లేదా 6 బీఆర్‌ఏ. డాషర్ వేగం ఆకర్షణీయంగానే ఉంటుంది, కానీ కొత్తవాళ్లకు బ్రాస్ తయారీలో గడిపే సమయం కన్నా గాలి జెండాలు చూస్తూ గడిపే సమయం ఎక్కువ అవసరం.

మొత్తంగా చూస్తే ఇలా తేలుతుంది. 600 గజాలు, లైట్ గన్: 6 బీఆర్ కుటుంబం, పెద్దగా ఆలోచించక్కర్లేదు. 1000 గజాలు, లైట్ గన్, గాలి ఒక మోస్తరు: అదే కుటుంబం, డాషర్ లేదా బీఆర్‌ఏ. 1000 గజాలు, గాలి మొండిది, స్కోర్ ముఖ్యం: .284 లేదా దాని బాడీ కాస్త విప్పార్చిన షెహేన్ రూపం. హెవీ గన్, బరువుకు హద్దు లేదు: అప్పుడే .300 డబ్ల్యూఎస్ఎం లాంటివి. 6 పీపీసీ గురించి ఎవరైనా చెబితే, అది 100, 200 గజాల ఆటకు పుట్టింది. లూ పాల్మిసానో, ఫెరిస్ పిండెల్ 1970లలో తెచ్చిన ఆ కాట్రిడ్జ్ దగ్గరి దూరాల్లో రికార్డులు తిరగరాసింది గానీ, పొడవాటి 105 గ్రెయిన్ల బుల్లెట్లకు అది కాదు.

8. యాక్షన్, బోల్ట్ ఫేస్

కాట్రిడ్జ్ తేలాకే యాక్షన్ (బోల్ట్ ఉండే యంత్రభాగం) కొనండి. కేస్ రిమ్ (అడుగు అంచు) వ్యాసాన్నిబట్టి దాన్ని పట్టుకునే బోల్ట్ ఫేస్ ఉంటుంది. 6 బీఆర్, డాషర్, 6.5×47, 6.5 క్రీడ్‌మూర్, .308 అన్నిటికీ .473 అంగుళాలు. .284 విన్‌చెస్టర్‌లో ఒక తమాషా ఉంది: బాడీ .500 అంగుళాల లావు, రిమ్ మాత్రం .473. 1963లో దాన్ని చిన్న యాక్షన్‌లో పట్టేలా అలా తీర్చిదిద్దారు. మనకు దక్కే లాభం ఏమిటంటే, ఒకే యాక్షన్, ఒకే బోల్ట్‌తో 6 బీఆర్ బ్యారెల్ ఒకటి, .284 బ్యారెల్ ఒకటి పెట్టుకుని మ్యాచ్‌నిబట్టి మార్చుకోవచ్చు. ఏది కావాలో తేల్చుకోలేనివాళ్లకు ఇది నిజంగా మంచి దారి. .300 డబ్ల్యూఎస్ఎం రిమ్ .535 అంగుళాలు కాబట్టి దానికి వేరే బోల్ట్ తప్పదు.

అయితే ఆ దారిలో యాక్షన్ పొడవు ముందే చూసుకోండి. .284లో 180 గ్రెయిన్ల బుల్లెట్‌ను కేస్ లోపలికి దూర్చకుండా బయటికి పెట్టి లోడ్ చేస్తే రౌండ్ మూడు అంగుళాలు దాటుతుంది. 6 బీఆర్ కోసం కొన్న పొట్టి పోర్ట్ యాక్షన్‌లో ఆ రౌండ్ పెట్టడానికీ, కాల్చకుండా తీయడానికీ కష్టం.

మ్యాగజైన్ లేని సింగిల్ షాట్ యాక్షన్ కిందిభాగం గట్టిగా ఉంటుంది. బోల్ట్ ఒక వైపు, లోడింగ్ పోర్ట్ రెండో వైపు ఉంటే చేతులు ఒకదానికొకటి అడ్డం రావు. చిన్న ప్రైమర్ వాడేటప్పుడు ఫైరింగ్ పిన్ రంధ్రం పిన్‌కి దగ్గరగా సరిపోతుందో లేదో అడగండి. వదులుగా ఉంటే పూర్తి ఒత్తిడి దగ్గర ప్రైమర్ కప్ అందులోకి ఉబికి చిల్లు పడొచ్చు.

9. ట్విస్ట్, రీమర్, ఆర్డర్

బుల్లెట్ పొడవే ట్విస్ట్‌ను (రైఫ్లింగ్ ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుందన్నదాన్ని) నిర్ణయిస్తుంది. 6 ఎంఎం 105 గ్రెయిన్లకు 8 అంగుళాలకు ఒక చుట్టు, ఇంకా పొడవైన వాటికి 7.5. 7 ఎంఎం 180కి 9 పనిచేస్తుంది, ఇంకా బరువైనవి ఆలోచిస్తే 8.5 లేదా 8. .30లో 215కి 10. మిల్లర్ సూత్రం ప్రకారం స్టెబిలిటీ ఫ్యాక్టర్ 1.5కి తగ్గకుండా చూసుకోండి. 1.3 దగ్గర కూడా బుల్లెట్ దొర్లిపోదు గానీ, బీసీలో కొంత పోతుంది. చల్లటి, దట్టమైన గాలిలో ఆ అంకె ఇంకా తగ్గుతుంది కాబట్టి మీరు ఆడే అత్యంత చలి రోజుకు లెక్క వేయండి.

చాంబర్ కోసే రీమర్ గురించి గన్‌స్మిత్‌తో మాట్లాడకుండా "మీ దగ్గరున్నదేదో వాడండి" అనొద్దు. రెండు కొలతలు మీరు చెప్పాలి. ఒకటి ఫ్రీబోర్, అంటే చాంబర్ ముందు రైఫ్లింగ్ మొదలయ్యేదాకా ఉండే గాడులు లేని దూరం. బుల్లెట్ రైఫ్లింగ్‌ను తాకే దగ్గర కూర్చున్నప్పుడు, దాని బోట్ టెయిల్ మొదలయ్యే చోటు కేస్ నెక్ కిందకి, భుజం కలిసే గీత దాటి దిగకూడదు. ఆ గీత దగ్గరే నెక్ లోపల ఉంగరంలా లోహం పేరుకుంటుంది. బుల్లెట్ దాన్ని తాకితే పట్టు ఒక్కో కేస్‌లో ఒక్కోలా ఉంటుంది. త్రోట్ అరిగేకొద్దీ బుల్లెట్‌ను ముందుకు జరుపుతూ పోవడానికి నెక్‌లో కొంత చోటు కూడా మిగలాలి.

రెండోది చాంబర్ నెక్ వ్యాసం. లాపువా 6 బీఆర్ బ్రాస్ నెక్‌ను కోయకుండా వాడితే లోడ్ చేసిన నెక్ .268 నుంచి .270 దాకా వస్తుంది, అందుకే .272 నెక్ చాంబర్ చాలామందికి సరిపోతుంది. నెక్ టర్నింగ్ చేసేవాళ్లు ఇంకా బిగుతుగా చేయించుకుంటారు. కానీ ఆ బిగుతు చాంబర్‌లో కోయని కేస్ పొరపాటున పెడితే బుల్లెట్‌ను నెక్ వదలదు, ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది.

ఆర్డర్ ఇచ్చే ముందు బ్రాస్ ఒకే లాట్‌లో, బ్యారెల్ ఆయుష్షుకు సరిపడా కొనండి. ఎంచుకున్న బుల్లెట్‌తో, ప్రైమర్, పౌడర్ లేకుండా రెండు డమ్మీ రౌండ్లు చేసి, బుల్లెట్ ఎక్కడ కూర్చోవాలో అక్కడ కూర్చోబెట్టి గన్‌స్మిత్‌కి ఇవ్వండి. రీమర్ తయారీదారు ఫ్రీబోర్‌ను ఆ డమ్మీని కొలిచే తేలుస్తాడు. చాంబర్ అయ్యాక రీమర్ ప్రింట్ కాపీ, అదే రీమర్‌తో ఒక బ్యారెల్ ముక్కలో కోసిన నమూనా చాంబర్ అడిగి తీసుకోండి. సైజింగ్ డై చేసేవాళ్లకు ఆ ముక్కతోపాటు మీ చాంబర్‌లో పూర్తి లోడ్‌తో రెండు మూడుసార్లు కాల్చిన కేస్‌లు పంపితే, కేస్‌ను వెయ్యో వంతు అంగుళం దాకా మాత్రమే నొక్కే డై వస్తుంది. రెండో బ్యారెల్ వేయించే రోజున కూడా అదే రీమర్ వాడాలని చెబితే, ఆ డై, ఆ బ్రాస్ మళ్లీ పనికొస్తాయి.